గీడ తొవ్వ

టీవీలో దెయ్యం సినిమా వస్తే మా ఇంట్లో నన్ను పక్క గదిలోకి పంపేస్తారు. పాత బంగళాలో తెల్లచీర తిరుగుతుంటే అందరూ చీరని చూస్తారు, నేను ఆ బంగళా దూలం ఎంత కుంగిందో చూసి పైకి చెప్పేస్తాను. కట్టడాల బలం చూసే ఇంజనీరుని మరి. తలుపు దానంతటది మూసుకుందంటే చట్రం వంగిందంటాను. మేడ మీద అడుగుల చప్పుడంటే చెక్కలు ఎండకి సాగాయంటాను. నలభై ఏడేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఒక్క సంగతి దగ్గర మాత్రం నా నోరు పడిపోతుంది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగం కోసం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అప్పటికే వచ్చి పన్నెండేళ్ళయింది. హైదరాబాదు నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని.

కొత్తపేట దాటి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే, మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల ఒక పాత సరాయి ఉంది. పూర్వం బాటసారులు దిగి, వంట చేసుకుని పడుకుని పోయేచోటు. రాయీ డంగు సున్నమూ పెట్టి కట్టిన పొడుగాటి హాలు. అడ్డంగా మూడు కమాన్లు, వాటి మీద పైకప్పు. పడమటి చివర ఒకటే తలుపు. కిటికీలు చేతికందనంత ఎత్తున ఉంటాయి. ఎవరో చాలాకాలం గోదాముగా వాడుకుని వదిలేశారు.

దాన్ని గట్టిచేసి, చుట్టుపక్కల ఇరుకు గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి రీడింగ్ రూము చేయాలని కాలనీ కమిటీ అనుకుంది. కమిటీలో నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు, మా కోస్తావాళ్ళూ ఉన్నారు. రాష్ట్రం సంగతి వస్తే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. రీడింగ్ రూము అంటే మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. కాకపోతే సగంమందికి పాతది కూలగొట్టి స్లాబ్ వేయాలని ఉండేది.

కమిటీ పెద్ద ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. మొదటిరోజే నన్ను పక్కకి పిలిచి అడిగారు.

"నిల్వడ్తదా బిడ్డా ఇది? లోపట పిల్లలు కూసుంటరు. నువ్వు నిల్వడ్తదంటెనే ఉంచుతం. లేకుంటే కూలగొడ్తం."

నిలబడుతుందని రాసి సంతకం పెట్టాను. ఈ కథంతా ఆ సంతకం మీదే ఉంది.

పనికి మేస్త్రి యాదయ్య. యాభై దాటినవాడు, సన్నటి మనిషి. డంగు సున్నం పని తెలిసినవాళ్ళలో మిగిలినవాడు. గోడని వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి, లోపల గుల్లో గట్టో చెప్పేవాడు. నా మీటర్లు కూడా తర్వాత అదే చెప్పేవి. నాకు కాస్త మంటగా ఉండేది కానీ ఒప్పుకునేదాన్ని.

పగుళ్ళున్న చోటల్లా సన్నటి గాజు ముక్కల్ని అడ్డంగా అతికించి, నంబర్లు వేశాం. పగులు కదులుతుంటే గాజు విరుగుతుంది, నిలకడగా ఉంటే అలాగే ఉంటుంది. ఖర్చులేని పాత పద్ధతి. మొత్తం తొమ్మిది ముక్కలు. ఏడో నంబరు తలుపుకి ఎదురుగా ఉన్న తూర్పు గోడ మధ్యలో ఉంది. నెలన్నర దాకా ఒక్కటీ విరగలేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ తర్వాత రెండు రోజులు కుండపోతగా వాన పడింది. మూడోరోజు బంద్. గాజులు చూడాలని నాకు కాలు నిలవలేదు.

"బంద్ రోజు బయటికెళ్తావా, బుద్ధుందా నీకు?" అని అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆవిడని పక్కకి జరిపి నడిచి వెళ్ళాను.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నా చెప్పుల చప్పుడు నాకు వినిపించడం అదే మొదటిసారి. బస్సుల్లేవు, ఆటోల్లేవు, షట్టర్లన్నీ దించి ఉన్నాయి. సరాయి తాళం తీసేసరికి పదకొండైంది. మబ్బు విడిచి ఎండ కాస్తోంది.

ఆరు గాజులు బాగున్నాయి. వంగి ఏడోదాని వైపు టార్చి వేశాను. సరిగ్గా నడిమికి విరిగి ఉంది. పుస్తకంలో రాసుకుంటుండగా వినిపించింది.

"గీడ తొవ్వ."

ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది. అరుపు కాదు, గుసగుస కాదు, పక్కన పనిచేస్తున్న మనిషి మామూలుగా చెప్పినట్టుంది. నా మోకాలి ఎత్తున, గోడలోంచి వచ్చింది.

వెనక్కి తిరిగాను. హాల్లో ఎవరూ లేరు. తలుపు దగ్గర ఎండ పడి ఉంది, అందులో ఏ నీడా లేదు. ఎవరది అని అడిగాను. నా గొంతు నాకే నచ్చలేదు. కాసేపటికి మళ్ళీ అదే మాట, అదే చోటు నుంచి.

పరిగెత్తాను. సిగ్గెందుకు, పరిగెత్తాను. పుస్తకం అక్కడే పడేశాను. తాళం వేయలేదు. కొత్తపేట రైతుబజారు మూసిన గేటు కనబడేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చాక బుర్ర మళ్ళీ ఇంజనీరుదైపోయింది. గోడ అవతల ఎవరో ఆడమనిషి మాట్లాడి ఉంటుంది, పగుళ్ళలోంచి వినబడి ఉంటుంది అని తేల్చుకున్నాను. కానీ ఆ మాట పోలేదు. తొవ్వ. సైటు మీద కూలీలు తవ్వడాన్ని తొవ్వుడు అంటారు. గుంత తొవ్వాలె, మట్టి తొవ్వినం అంటుంటే పన్నెండేళ్ళుగా వింటున్నాను. తొవ్వు అన్నదే గోడలోంచి తొవ్వ అని వినబడి ఉంటుంది, ఇక్కడ తవ్వు అంటోందన్నమాట. గాజు విరిగిన చోటే తవ్వమంటోంది. పునాదిలో ఏదో ఉందని నాకు గట్టిగా అనిపించింది. గొంతుని నమ్మలేదని చెప్పుకుంటూనే అది చెప్పినట్టు చేయడానికి తయారయ్యాను.

పైగా ఆదివారం కమిటీ మీటింగు ఉంది. విరిగిన గాజుకి కారణం చూపించకపోతే కూలగొట్టేవాళ్ళ మాటే నెగ్గుతుంది.

మర్నాడు తూర్పు గోడ మొదట్లో గుంత తీయమన్నాను. యాదయ్య పలుగు కింద పెట్టేశాడు.

"వానకాలం గోడ మొదట్ల తొవ్వొద్దు మేడం. సపోర్టులు పెట్టి తొవ్వుదం."

అతని మాటే సరైంది. కమాన్ల కప్పు ఎప్పుడూ పక్కలకి తోస్తూనే ఉంటుంది, ఆ తోపుని చివర ఆపేది ఆ గోడే. ఇది నేను ఎంతోమందికి చెప్పిన పాఠం. కానీ ఇనప సపోర్టుల లారీ బంద్ వల్ల తుర్కయంజాల్ అవతలే ఆగిపోయింది. రెండడుగులే కదా, చూసి వెంటనే పూడ్చేద్దామన్నాను. గొంతు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఏమనుకుంటాడోనని నామోషీ. ఆ ఒక్కమాట అతని చెవిన వేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

మధ్యాహ్నం కూలీలు అన్నానికి వెళ్ళారు. గుంతలో యాదయ్య, గట్టున టేపు పట్టుకుని నేను. రెండడుగులు పోయాడు. పునాది రాయి శుభ్రంగా ఉంది, ఏ లోపమూ లేదు. ఇంక పూడ్చమందామని నోరు తెరిచేలోగా గోడ లోపల ఎక్కడో ఒక మూలుగు లాంటిది వినిపించింది.

యాదయ్య గుంతలోంచి ఒక్క ఎగురు ఎగిరి, నా రెక్క పట్టి గోడకేసి లాగాడు. నడిమి కమాను కూలింది.

ఆ చప్పుడు నాకు గుర్తులేదు. తర్వాతి చీకటే గుర్తుంది. నూరేళ్ళ సున్నం దుమ్మై లేచింది. కళ్ళు తెరిస్తే మంట, ముక్కుతో పీలిస్తే మంట. తలుపుకీ మాకూ మధ్య రాళ్ళ గుట్ట. మా నెత్తి మీద ఇంకో కమాను ఉంది. దానికి నడిమి కమాను దన్ను పోయింది. అది ఎంతసేపు ఉంటుందో లెక్క చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఎక్కువసేపు ఉండదు.

అప్పుడు టిక్ మని వినిపించింది. గాజు. కొన్ని క్షణాలకి ఇంకో టిక్, ఇంకాస్త దగ్గరగా. ఆ చీకట్లో మా గాజు ముక్కలు ఒక్కొక్కటే విరుగుతున్నాయి. ఏ నంబరు ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. పగులు మా వైపు నడిచొస్తోంది. నేను చచ్చిపోతానని, నాతోపాటు వద్దని చెప్పిన మనిషిని కూడా చంపేస్తున్నానని అనిపించింది. ఆ రెండోదే ఎక్కువ భయపెట్టింది.

"గీడ తొవ్వ."

అదే గొంతు, నా మోకాలి దగ్గర. అరుద్దామంటే నా నోటినిండా సున్నం.

"ఏడ?" అన్నాడు యాదయ్య.

అంటే అతనికీ వినిపించింది.

"గీడ."

యాదయ్య వేలి కణుపుతో గోడని తట్టిన చప్పుడు, ఆ వెంటనే పలుగు దెబ్బ. రాయి మీద పడ్డ చప్పుడు కాదది. ఇటుక. నాలుగో దెబ్బకి వెలుతురు చిన్న బిళ్ళంత లోపలికి వచ్చింది. చేతులతో లాగాం, కాళ్ళతో తన్నాం. గోళ్ళు ఊడాయి. మనిషి పట్టేంత కంత పడగానే నన్ను ముందు తోశాడు. ముళ్ళకంపల్లో పడ్డాను. అతను వచ్చి నా మీద పడ్డాడు. వెనకాల రెండో కమాను దిగింది, ఆ కంతలోంచి దుమ్ము పొగలా తన్నుకొచ్చింది.

అన్నానికి వెళ్ళిన కూలీలు పరిగెత్తుకొచ్చి నీళ్ళు పోశారు. యాదయ్య పుక్కిలించి ఉమ్మేసి, నా వైపు చూసి దణ్ణం పెట్టాడు.

"మంచిగ చెప్పిన్రు మేడం. మీరు గీడ తొవ్వ అనకుంటే సచ్చేటోళ్ళం."

"నేను అనలేదు యాదయ్యా."

"ఇంకెవరంటరు? ఆడమనిషి గొంతు. లోపట ఉన్నది మనిద్దరమే. మీ గొంతు నాకు ఎరక లేదా? జర బొంగురు గొంతు మీది, గదే."

"నేను తవ్వమని ఎందుకంటాను, అప్పటికే తవ్వేశాం కదా?"

అతను నన్ను వింతగా చూశాడు.

"తొవ్వుడు కాదు మేడం. తొవ్వ. తొవ్వ అంటే బాట. బయటికి పోయే బాట. ఈడ బాట ఉన్నదని చెప్పిన్రు మీరు."

నా మొహం చూసి అతనికి సంగతి తట్టింది. మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"మీరు తొవ్వ అనరు. దారి అంటరు."

ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పన్నెండేళ్ళలో ఆ మాట ఆ అర్థంతో నా చెవిన పడకుండా ఉంటుందా అని మీరు అడగొచ్చు. పడే ఉంటుంది. కానీ నాతో మాట్లాడేటప్పుడు వాళ్ళే సర్దుకుని మా మాటల్లోకి వచ్చేసేవారు. నేను వాళ్ళ మాటల్లోకి వెళ్ళాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వచ్చినరోజు తప్పు విన్నాను.

మేం బయటపడ్డది ఒక పాత గుమ్మంలోంచి. రాతి కమాను కట్టి ఉన్న ద్వారాన్ని ఎప్పుడో ఇటుకలతో మూసి, రెండు వైపులా సున్నం పూసేశారు. వానకి ఆ ఇటుక కదలబట్టే ఏడో గాజు విరిగింది. కమిటీ దగ్గరున్న పాత ప్లానులో ఆ గుమ్మం లేదు. హెడ్మాస్టరు ఆ వాడలో ముసలివాళ్ళందరినీ అడిగారు. ఎవరికీ తెలియదు. అక్కడ ఫలానా ఆవిడ చనిపోయిందని గానీ, ఏదైనా కథ ఉందని గానీ ఒక్కరూ అనలేదు. గోడ అవతల ఎవరైనా మాట్లాడి ఉంటారా అని చూశాను. అటంతా తాళం వేసిన ప్రహరీ, నిలువెత్తు కంప. మేం పడ్డచోట తప్ప ఒక్క కొమ్మ విరగలేదు.

కమిటీకి రిపోర్టు రాశాను. సపోర్టులు లేకుండా తవ్వించింది నేనేనని, మేస్త్రి వద్దన్నాడని రాశాను. ఎందుకు తవ్వించానో మాత్రం రాయలేదు. కూలగొట్టేస్తారనుకున్నాను. హెడ్మాస్టరు అంతా చదివి, అయితే తప్పు కట్టడానిది కాదన్నమాట అన్నారు. ఏడాది పట్టింది. కూలిన రెండు కమాన్లనూ అవే రాళ్ళతో మళ్ళీ కట్టాం, గోడల్లోకి సున్నం పాలు ఎక్కించాం, ఇనప కడ్డీలతో బిగించాం. తూర్పు గుమ్మానికి తలుపు పెట్టాం. ఇప్పుడు అందరూ అటునుంచే వస్తారు. రోజూ పొద్దున ఆరింటికే పిల్లలు పుస్తకాలతో లైన్లో ఉంటారు.

ఏటా వానలు తగ్గాక నేను వెళ్ళి గాజు ముక్కలు చూసొస్తాను. ఒంటరిగా వెళ్ళను.

ఇక్కడితో ఆగి ఉంటే ఎవరికీ చెప్పేదాన్ని కాదు. పోయినేడు కర్మన్‌ఘాట్‌లో ఒక పాత ఇంటి పని చేస్తున్నాను. కొత్త కూలీకి సందు దొరకడం లేదు. ఫోన్లో మాట రికార్డు చేసి పంపాను. ఇన్నేళ్ళకి నా నోటికి ఈ ఊరి మాటలు కాస్త పట్టాయి. పంపాక, సరిగ్గా చెప్పానో లేదోనని వేలితో నొక్కి విన్నాను.

"గీడ తొవ్వ ఉంది చూడు."

మళ్ళీ నొక్కి విన్నాను. మన గొంతు బయటినుంచి ఎలా వినబడుతుందో మనకి తెలియదంటారు కదా. నాకు తెలుసు. ఆ గొంతుని ఆనాడు సరాయిలో వరసగా రెండు రోజులు విన్నాను, రెండు రోజులూ గోడలోంచే.

యాదయ్య ఇప్పుడు పని మానేసి కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎదురుగా కూర్చుని, ఏమీ చెప్పకుండా అది వినిపించాను. మొదటి రెండు మాటలకే అతని చెయ్యి పైకి లేచింది.

"బంద్ చెయ్యిన్రి మేడం," అన్నాడు. "లోపట ఇన్నది గిదే."

ఆనాడు నాకు తెలియని మాటని నా గొంతుతో ఎవరు పలికారో నాకు తెలియదు. ఆ రికార్డింగు చెరిపేద్దామని చాలాసార్లు ఫోన్ తీశాను. చెరిపేస్తే ఆనాడు గోడలోంచి ఆ మాట రాకుండా పోతుందేమోనని భయమేసి మళ్ళీ పెట్టేస్తున్నాను.