కుడి అంచు దగ్గరి జాగా

గద్వాలలో రేణుకమ్మ వాడకట్టు వాళ్ళు ఆమె గురించి ఒక కథ చెబుతారు. డాక్టరు రాసిచ్చిన విటమిన్ గోలీలు తాను మింగకుండా, మగ్గంలో తన జాగా తీసుకున్న మనిషికే పెట్టిందట. అంత పెద్ద మనసట. ఇక్కడికి రాగానే చెప్పేవాళ్ళు కొంగుతో కండ్లు ఒత్తుకుంటారు. గోలీలు ఇచ్చిన మాట నిజమే. పెద్ద మనసు మాత్రం మనకు అలవాటైన అబద్ధం. ఆడమనిషి ఏది మింగకపోయినా త్యాగమని పేరు పెట్టేస్తే, ఎందుకు మింగలేదని అడిగే పని తప్పుతుంది.

అసలు సంగతి మగ్గం దగ్గర మొదలైంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ప్రతి వరుసలోనూ ఒంటి నూలుదారాన్ని, అంచు పట్టుదారాన్ని ఒకదానిలో ఒకటి మెలేసి కలపాలి. ఒక్క మెలిక తప్పినా అక్కడ సందు పడుతుంది. ఒక మనిషి రెండు చేతులతో అయ్యే పని కాదు గనుక, గుంట మగ్గంలో కాళ్ళు కిందికి వేసుకుని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. మొగుడు తిమ్మప్పది ఎడమ పక్క. కుడి అంచు దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె రేణుకమ్మది. ముప్పై ఏండ్లు అట్లాగే గడిచాయి. బిడ్డ పెండ్లి మాటలు ఆ గుంటలోనే అయ్యాయి, అలకలు తీరిందీ అక్కడే. బయటికి వస్తే మొగుడూ పెండ్లాల మధ్య అన్నం పెట్టు, నీళ్ళు తే అనే మాటలకు మించి ఉండేవి కావు.

గర్భసంచి తీసిన పెద్దాపరేషన్ అయిన తర్వాత రేణుకమ్మ లావు కావడం మొదలుపెట్టింది. రెండువేల ఆరు నాటికి గుంటలో ఇద్దరికీ ఇరుకైంది.

"జర అటు జరుగు."

"ఇంకేడికి జరగాలె? గోడలకు జొరబడమంటవా?" అనేవాడు తిమ్మప్ప.

నవ్వులాటగానే ఉండేది. ఒక రోజు పొద్దు గుంకే వేళ లేవబోయి లేవలేకపోయింది. మోకాళ్ళు మొరాయించాయి, నడుము మగ్గం దూలానికి ఇరుక్కుంది. పక్కింటి వసంత, ఎదురింటి మణెమ్మ వచ్చి చెరో రెక్క పట్టి లాగారు. మర్నాటి నుంచి కుడి అంచు దగ్గర వసంత కూర్చుంది. ఆమె పెనిమిటి రాయచూరు పనికి పోయాడు, ఇంట్లో మగ్గం ఊరకే ఉంది. సన్నటి మనిషి. గుంటలో ఆమె పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలేది. రేణుకమ్మ గోడకు ఆనుకుని నాడెల్లోకి దారం కండెలు చుడుతూ, తన మొగుడు ఇంకొకామెతో "దారం చూసుకో వసంతా" అనడం విన్నది. అందులో తప్పుడు మాట ఏమీ లేదు. అయినా ఆ మాట ముప్పై ఏండ్లు తనది.

కర్నూలులో మోకాళ్ళు చూసిన డాక్టరు, ముందు బరువు తగ్గమని రెండు రకాలు రాశాడు. "ఈ క్యాప్సూల్ అన్నంతో పాటు వేసుకోమ్మా. తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి పంపిస్తుంది. దాంతో పాటు కొన్ని విటమిన్లూ పోతాయి. అందుకే పడుకునే ముందు ఈ రెండో గోలీ. రెండూ కలిపి వేసుకోవద్దు. రెండు నెలలకు మళ్ళీ కనపడు."

డాక్టరు చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ కర్నూలు యాసలో గబగబా చెప్పిన ఆ మాటల్లో రేణుకమ్మకు అందినవి కొన్నే. మిగిలినవి గద్వాల మెడికల్ షాపులో అబ్బాయి సాఫుగా విప్పి చెప్పాడు. "ఇది బక్కగైతందుకమ్మా. ఇది తాకత్‌కు."

"ఒకటి బక్కగైతందుకు, ఒకటి తాకత్‌కా? ఒక చేత్తోని నేసుడు, ఇంకో చేత్తోని పీకుడా?"

"రాసిండు గదమ్మా, తీస్కపో" అన్నాడు అబ్బాయి.

జనానికి అవగాహన లేదని ఉపన్యాసం ఎత్తుకునేవాళ్ళు కాసేపు కూర్చోవాలి. తాకత్ అంటే కండ పట్టడం. బాలింతకు, జ్వరంపడి లేచినవాళ్ళకు తాకత్ మందు ఇచ్చేది అందుకే. ఒళ్ళు తగ్గించుకోవాలనుకునే మనిషి అదే మందు ఎందుకు మింగాలి? ఆమె ఆలోచన వంకర కాదు. ఆమెకు అందిన మాటే వంకర.

ఆ రోజే వసంతను పిలిచింది. "ఇగో పిల్లా, తాకత్ గోలీలు. గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నవ్. రోజుకొకటి మింగు."

"నీకు రాసినవి నాకెందుకత్తా?"

"నాకు తాకత్ ఎక్కువైతేనే గద గీ కత!"

ఆ పూట అన్నం వడ్డిస్తూ తిమ్మప్పతో గుట్టు విప్పింది. "దానికి జర కండ పట్టనీ. గుంటల పట్టకుంటే అదే లేస్తది. నా జాగా నాకొస్తది." తిమ్మప్పకు నవ్వుతో పొలమారింది. వాడకట్టు పెద్ద మనసు అని చెప్పుకునేది దీన్నే.

వసంతకు కండ పట్టలేదు, మొహం మాత్రం తేటపడింది. రేణుకమ్మ క్యాప్సూళ్ళు వేసుకుంటూ ఒక పెండ్లిలో మిరపకాయ బజ్జీలు తిన్నది. లేచేసరికి, ఒంటికి పట్టని నూనె బయటికొచ్చి చీర వెనక మరక. "ఏమే, గానుగ మీదగిట్ల కూసున్నవా?" అని మణెమ్మ పదిమందిలో అన్నది. ఆ సిగ్గుతో రేణుకమ్మ నూనె మానేసింది. పాలు, నెయ్యి, గుడ్డు మానేసింది. తాలింపు లేని ఆకుకూర గొంతు దిగదని అదీ మానేసింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మోకాళ్ళు తేలికపడ్డాయి కదా అని మళ్ళీ కర్నూలు పోలేదు. పాత చీటీ చూపించి అవే క్యాప్సూళ్ళు తెచ్చుకునేది. షాపులో ఎవరూ కాదనలేదు.

ఏడాది దాటాక ఒక పొద్దున గుంట అంచున కూర్చుని కాళ్ళు కిందికి వదిలింది. పట్టింది. పక్కన చెయ్యి ఆడేంత చోటు కూడా మిగిలింది. వసంత నవ్వుతూ లేచి దారి ఇచ్చింది.

"వచ్చినవా?" అన్నాడు తిమ్మప్ప.

"యాడికి పోయిన్నని?"

పగలంతా బాగానే నేసేది. సందె పడితే చాలు, ఇంట్లోకి ఎవరో చీకటి తెచ్చి పోసినట్టుండేది. ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది, దాని కింద ఏమీ తేలేది కాదు. చెంబు పక్కన నీళ్ళు పోసేది. ఒక సాయంత్రం ఎదురుగా వచ్చిన మణెమ్మను పలకరించకుండా దాటిపోయింది.

"ఏంది రేణుకమ్మా, బక్కగైనంక కండ్లు నెత్తికెక్కినయా?"

"ఆలోచనల పడి సూడలే వదినా" అని తప్పించుకుంది. కండ్లు కనిపిస్తలేవని అంటే మళ్ళీ గోడ పక్కన కండెలు చుట్టాలి. ఎవరికీ చెప్పలేదు. నాడెకు చేతులు అలవాటు పడ్డాయి, అవే నేస్తాయిలే అనుకుంది.

చేతులు చాలావరకు నేశాయి. తప్పిన మెలికలు తిమ్మప్పకు తెల్లవారి కనిపించేవి. అంచుకూ ఒంటికీ నడుమ చిటికెన వేలు దూరేంత సందులు. ఆమె లేవకముందే అదే రంగు పట్టుదారం సూదికి ఎక్కించి కలిపేవాడు. సాయంత్రమైతే "కరెంటు పోయేటట్టుంది, లే" అని పెందలాడే మగ్గం ఆపేసేవాడు. ఎందుకని అడగలేదు. అడిగితే ఆమె లేచిపోవలసి వస్తుందని అతనికీ తెలుసు.

"వసంత ఉన్నప్పుడు దీపం పెట్టినంక గూడ నేస్తుంటివి గదా" అన్నది ఒకరోజు. "నేను కూసుంటే నీకు జల్ది బువ్వ యాదికొస్తదా?"

తిమ్మప్ప నాడె పక్కన పెట్టి గుంటలోంచి లేచాడు. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. గుంటలో మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

చీర ముగిసింది. నూలు, పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారుకు అప్పజెప్పి వచ్చిన తిమ్మప్ప, "పని తగ్గించిండట. కొత్త చీరకు పడుగుదారం ఇయ్యనన్నడు" అని మాత్రం చెప్పాడు. ఆ నెలలోనే పత్తి విత్తనాల మిల్లులో రాత్రి కావలి పనికి కుదిరాడు.

ఖాళీ మగ్గం ఇంట్లో పెట్టుకుని ఇక దాచడానికి ఏముంది? బడిలో కంటి శిబిరం పెడితే రేణుకమ్మ పోయింది. శిబిరంలో డాక్టరమ్మ చాలాసేపు అడిగింది. ఏం తింటావు, ఏం మానేశావు, ఏ మందులు వాడుతున్నావు. చివరికి, "రేచీకటి అమ్మా. నువ్వు మింగే క్యాప్సూల్ ఒక్కటే అయితే ఇంత జరిగేది కాదు. పాలు, గుడ్డు, ఆకుకూర అన్నీ మానేస్తివి. పోయినదాన్ని పూడ్చడానికి విటమిన్ గోలీలు రాసి ఉంటారు కదా, అవేవి?"

"తాకత్ గోలీలా? పక్కింటి పిల్లకిచ్చిన."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అవి లావైతందుకు కాదమ్మా. అవి నీ కండ్లు."

క్యాప్సూళ్ళు మాన్పించి, మందు ఇచ్చి, తిండి మార్చింది. కొన్ని వారాల్లో సందెవేళ తెరుచుకుంది. మొదట గడప కనిపించింది, తర్వాత వాకిలి, తర్వాత ఎదురింటి అరుగు మీద మణెమ్మ.

ఆ ఉషారులో తిమ్మప్పకు చెప్పకుండా షావుకారు ఇంటికి పోయింది. "కండ్లు మంచిగైనయ్ సేటూ. పడుగియ్యు."

షావుకారు అల్మారాలోంచి ఒక చీర తీసి ముందు పరిచాడు. నల్లటి ఒళ్ళు, మెరూన్ అంచు. వాళ్ళు చివరగా నేసింది. కుడి అంచు పొడవునా సన్నగా, ఓపిగ్గా, చీమలబారులాగా సూదిపని.

"తిమ్మప్ప చెప్పలేదా? కండ్లు పోవుడు తప్పు గాదమ్మా. ఒక్క మాట చెప్తే ఆగేటోన్ని. నేసిన అంచుకు సూది పెట్టి నా చేతికిచ్చిండు సూడు, గది తప్పు. తీస్కపో, ఇది ఇంకెవరు గట్టుకుంటరు?" పడుగు మాట ఎత్తలేదు. అది అప్పటికే వసంత ఇంటి మగ్గం మీదికి ఎక్కింది. వసంత పెనిమిటి రాయచూరు నుంచి తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి తిమ్మప్ప డ్యూటీకి తయారవుతున్నాడు. చంకలోని చీర చూసి ఆగిపోయాడు.

"ఎందుకు చెప్పలే?" అన్నది.

"చెప్తే లేచిపోతుంటివి."

ఇంకేదో అడగాలనుకుంది. మిల్లు సైరను మోగింది. అతను టార్చిలైటు, టిఫిన్ డబ్బా తీసుకుని "పోయొస్త" అని బయలుదేరాడు.

ఆమె వాకిట్లోకి వచ్చింది. కావలి పనిలో చేరిన కొత్తలో ఇదే వేళకు రెండడుగులు వేయగానే అతను చీకట్లో కలిసిపోయేవాడు. ఇవాళ సందు చివరిదాకా కనిపించాడు. బాటంతా ఖాళీగా ఉంది. అయినా ఎడమ గోడ వెంబడే ఒదిగి, కుడి పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నడుస్తున్నాడు.