మామ కట్టిన నిమ్మకాయ

నా చిన్నప్పుడు మా మేనమామ దగ్గర ఒక నల్లటి విలాయతి కారు ఉండేది. ఎవరో జాగీర్దారు వదిలించుకున్న దాన్ని కొని, సొంతంగా బాగుచేసుకుని, కిరాయికి తిప్పేవాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా కుటుంబం, మామ కుటుంబం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే వాకిట్లో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు దాటాలంటే భయమేస్తుంది కాని, అప్పుడక్కడ రాళ్ళూ సీతాఫలం చెట్లే. వాటి మధ్య నుంచి విజయవాడ రోడ్డు ఒంటరిగా పోయేది.

ఆ కారుకొక జబ్బు. ఒక్కోసారి తాళం తిప్పగానే లేచేది. ఒక్కోసారి ఎంత బతిమాలినా కదిలేది కాదు. మా అమ్మమ్మ దిష్టి అంది. ఎదురింటాయన జాగీర్దారు ఉసురు అన్నాడు. మామ పగలబడి నవ్వాడు. "ఇనుముకు దిష్టి ఏందమ్మా? గట్లయితె చార్మినార్ ఎప్పుడో కూలాలె!"

అవి ప్రత్యేక తెలంగాణ కోసం జనం మొదటిసారి రోడ్డెక్కిన రోజులు. బడులు మూతపడ్డాయి. ఇంట్లో ఊరికే తిరుగుతున్న నా చేతిలో మామ ఒక నోట్‌బుక్ పెట్టాడు. "కోడలా, కారు లేవనప్పుడే కాదు, లేచినప్పుడు గూడ రాయి. లేచింది రాయకుంటె నీ రాతంత అబద్ధమైతది" అన్నాడు. ఆ తరువాత నేను చాలా సభల్లో చాలా వాదాలు విన్నాను. మూఢనమ్మకాన్ని ఇంత చిన్న మాటతో కొట్టినవాడు నాకింకొకడు కనబడలేదు. మొక్కు తీరినవాడే గుడికొచ్చి చెబుతాడు, తీరనివాడి మాట ఎవరూ రాసుకోరు. ఆ సంగతి నాకు పదేళ్ళకే తెలిసిందంటే మామ చలవే.

వేళ, ఎండా నీడా, అంతకుముందు ఎంతసేపు ఆగి ఉంది, అన్నీ రాశాను. ఎవరు ఎక్కారన్నది కూడా రాశాను. అది మామ చెప్పింది కాదు, మనుషుల మీద ఆసక్తికొద్దీ నేను చేర్చుకున్నది. మూడు వారాలకు జబ్బు దొరికింది. మండుటెండలో పరుగెత్తి ఆగిన కారు పావుగంటలోపు మళ్ళీ లేవడం లేదు. చల్లారితే లేస్తోంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి ఇంజనుకు అందడం లేదన్నమాట. సరూర్‌నగర్ చెరువు గట్టున మామ ఒక గుడ్డ తడిపి, ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న పంపు మీద వేశాడు. అయిదు నిమిషాల్లో కారు లేచింది. నన్ను భుజాలకెత్తుకున్నాడు. ఆ సంతోషంలోనే ఇంజను పక్కనున్న మూత తీసి, అందులో బొటనవేలంత గోధుమరంగు బొడిపెను చూపించాడు. రోటరు అంటారు దాన్ని. నిప్పురవ్వను పంచేది అదే. "గిది తీసేస్తె కారు కాదు బిడ్డా, ఇనుప డబ్బా."

మా పక్కింటి అక్కది గుంటూరు వైపు. భర్త సర్కారు గుమాస్తా. బడి లేని ఆ రోజుల్లో నాకు లెక్కలు చెప్పింది ఆమే. అప్పుడు ఎనిమిదో నెల. ఒక సాయంత్రం వాళ్ళ కిటికీ మీద రాళ్ళు పడ్డాయి. పురిటికి వెంటనే పుట్టింటికి పంపేయాలని ఆమె భర్త నిశ్చయించాడు. తెల్లవారి రైలుకు స్టేషన్‌లో దింపమని అడిగితే మామ సరేనన్నాడు.

పొద్దున చూద్దును కదా, కారు ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. అమ్మమ్మను సంతోషపెట్టడానికి మామ కట్టాడేమోనని నవ్వుకున్నాను. మామ తాళం తిప్పాడు. ఇంజను గొణిగింది గాని అందుకోలేదు. రైలు పోయింది. మరునాడూ అదే. "ఏందో అక్కా, దిష్టి తగిలినట్టున్నది" అని మామ తల గోక్కున్నాడు.

అక్క నన్ను దగ్గరికి పిలిచింది. "ఏమ్మా, నిజంగానే పాడైందా?"

నేను పరుగున పోయి నోట్‌బుక్ తెచ్చాను. లేవని రోజులన్నీ వేలుపెట్టి చూపించాను. "సూడక్కా, దీనికి మొదటిసంది గిదే రోగం."

"నువ్వు చెబితే ఇంక అనుమానమేముంది" అంది అక్క.

మూడోరోజు ఆమె రిక్షాలో పోయింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె చేయి పొట్ట మీదికి పోవడం మలుపు తిరిగేదాకా చూశాను.

ఆ మధ్యాహ్నం, రాయని రెండు రోజులూ రాద్దామని కూర్చున్నాను. తెల్లవారుజాము, చల్లటి వేళ, రాత్రంతా ఆగిన కారు. లేవలేదు. అదే రెండు రోజులూ మధ్యాహ్నం వేరే కిరాయికి మొదటి తిప్పుకే లేచింది. ఎవరు ఎక్కారన్న చోట, లేవని రెండు వరుసల్లోనూ అక్క పేరే ఉంది.

నోట్‌బుక్ పట్టుకుని బయటికొచ్చాను. మామ ఇంజను మీద వంగి, చొక్కా జేబులోంచి ఆ బొడిపెను తీసి మూత కింద బిగిస్తున్నాడు.

"గది జేబులెందుకున్నది మామా?"

మామ ఉలిక్కిపడ్డాడు. మూత బిగిస్తూ చెప్పాడు. "పోరగాళ్ళొచ్చి బెదిరించిండ్రు బిడ్డా. ఆంధ్రోళ్ళను ఎక్కించుకుంటె కారు కాలవెడతమన్నరు. నాకున్నది గీ కారే గదా."

"మరి రానని చెప్పకపోతివి?"

"ఇరుగుపొరుగోళ్ళం. మొఖం మీద ఎట్ల చెప్పాలె?"

"నిమ్మకాయ ఎందుకు కట్టినవ్?"

మామ బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

మామ భయాన్ని నేను ఏనాడో క్షమించాను. కూడుపెట్టే బండిని మంట ముందు నిలబెట్టమని ఎవరినీ అడగలేం. ఉద్యమం అడిగినదీ న్యాయమే. మా ఇంటి చదువుకున్న పిల్లలు ఉద్యోగాల్లేక తిరగడం నేను చూశాను. పెద్దయ్యాక అదే మాట కోసం వీధిలో నిలబడ్డాను. కాని రానని ఒక్క మాట అని ఉంటే అక్క ఇంకో దారి చూసుకునేది. రెండు రోజులు ఆమె నమ్మకంతో ఆడుకున్నాడు. తను నవ్విన నిమ్మకాయ వెనకే దాక్కున్నాడు. అది చాలనట్టు, తను నేర్పిన నిజంతోనే నా చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించాడు. నేను ఆ రోజు లేవని రోజులే చూపించాను, లేచిన రోజుల మీద వేలు పెట్టలేదు. అది నా తప్పే.

రెండు నెలలకు అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. చివర నాకోసం ఒక వరుస: "మీ మామయ్య కారు బాగైందా?"

ఇప్పటికీ ఎవరైనా తన పనికి దిష్టి అనో, గ్రహం అనో, కర్మ అనో పేరు పెడితే నా చూపు ముందు వాళ్ళ చొక్కా జేబు మీదికి పోతుంది. అయితే ఆ కార్డు కూడా నా దగ్గరే ఉంది. దానికి నేను జవాబు రాయలేదు. ఇంకొకరి జేబు వెతకబోయే ముందు దాన్ని తీసి, ఆ చివరి వరుస ఒకసారి చదువుకుంటాను.