బావురుపిల్లి చెవిముక్క

రాజోలు దగ్గర పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా చేస్తున్నాను. ఒకరోజు పొద్దున్నే అటవీశాఖ గార్డుగారు ఆటోలో ఒక బావురుపిల్లిని తెచ్చారు. కాలవగట్ల మీద చేపలు పట్టుకు తినే అడవిపిల్లి అది. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేసిందట. ప్రాణం లేదు.

పోస్టుమార్టం మొదలుపెట్టి, కాసేపటికి కత్తి పక్కన పెట్టేశాను.

"ఏమైందండీ?" అన్నారాయన.

"కడుపుతో ఉందండి. రెండు పిల్లలు."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

అది అరుదైపోతున్న జాతి కావడంతో, అటవీశాఖ పై అధికారులు హైదరాబాదులోని ఒక పరిశోధనశాల నంబరు ఇచ్చారు. అక్కడి అమ్మాయి ఫోన్లో ఓపిగ్గా చెప్పింది. చెవి అంచున గోరంత చర్మం తీసి, గడ్డకట్టకుండా చల్లగా పంపితే, కణాలను పెంచి దాచుతారట. చర్మకణాన్ని మూలకణంగా మార్చి, దాన్నుంచి అండం తయారుచేయడం ఎలుకల్లో సాధ్యమైందట.

"పిల్లుల్లో ఇంకా కాలేదు మేడం. అయ్యేదాకా దాచి ఉంచుతాం," అంది.

ఇంటికెళ్లి మావారితో చెప్పాను.

"నేను పట్టుకెళ్తాన్లే. ఐసుపెట్టె మొయ్యడం నాకు కొత్తా?" అన్నారు.

పిల్లల కోసం చికిత్స చేయించుకున్న రోజుల్లో కాకినాడ నుంచి నా ఇంజెక్షన్లు ఐసులో పెట్టి తెచ్చింది ఆయనే. రెండుసార్లూ ఫలించక మానేశాక, ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

"దీన్నుంచి పిల్లలు ఎప్పటికి పుడతాయి?"

"తెలీదండి. అసలు పుడతాయో లేదో కూడా."

"పోన్లే. ఉంటుంది కదా."

చెవిముక్క ఐసుపెట్టెలో పెట్టి, ఆయన్ని అమలాపురంలో హైదరాబాదు బస్సెక్కించాను. కండక్టరు పెట్టె పైన పెట్టమంటే, "వద్దండి, ఒళ్లో పెట్టుకుంటాను," అన్నారు.

కొన్ని వారాలకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కణాలు బతికాయి, పెరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ సంగతి చెబితే, మావారు కలుపుతున్న అన్నం ఆపేశారు.

"రెండోసారి చికిత్సప్పుడు మనకీ ఇలాంటి ఫోనే వస్తుందని ఎంత ఎదురుచూసేనో," అన్నారు.

"నాకెప్పుడూ చెప్పలేదేమండీ?"

"నువ్వు ఏడుస్తావని."

ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. ఆ మధ్యాహ్నం నేను ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లాను. అప్పటినుంచి ఆ రోజుల గురించి మామూలుగానే మాట్లాడుకుంటున్నాం.

ఆ కణాలు హైదరాబాదులో చలిలో భద్రంగా ఉన్నాయి. పిల్లుల్లో అండం తయారుచేయడం మాత్రం ఇంకా ఎవరికీ చేతకాలేదు. అప్పుడప్పుడు మావారు, "ఒకసారి కనుక్కోకూడదూ?" అంటారు. నేను ఫోన్ చేసి కనుక్కుంటాను.