ఉపదేశిగారి అమ్మాయి గుండు

ఆ రోజుల్లో మా పల్లెలో పేలు లేని ఆడపిల్ల ఉండేది కాదు. మా పిల్ల తలలో ఒక్కటి కూడా లేదని ఏ తల్లయినా చెప్పిందంటే, పిల్ల తల చూసి చాలా రోజులైందని అర్థం. నేను చెప్పేది ఎనభైల మొదట్లో సంగతి. ప్రత్తిపాడుకు బస్సులో అరగంట దూరం మాది. మిరపకోతలు మొదలైతే బడి సగం ఖాళీ అయ్యేది. పిల్లలందరం అమ్మల వెంట కల్లాలకు పోయి, ఎండబోసిన కాయల పక్కన గోనెపట్టాల మీద తలలు ఆనించుకుని పడుకునేవాళ్లం. ఒక తలలోంచి ఇంకో తలలోకి పోవడానికి పేలకు అంతకంటే మంచి దారి ఎవరూ వేసి ఇవ్వలేరు. అన్నాలు తిన్నాక ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చుని ముందువాళ్ల తలలు చూసేవాళ్లు. ఆ వరసలో అందరికంటే వెనక కూర్చున్నామె తల మాత్రం ఎవరూ చూసేవాళ్లు కాదు. బహుశా ఆ తలలోంచే అవి మళ్లీ మొదలయ్యేవి.

మా అమ్మ మాత్రం ఆ వరసలో ఎన్నడూ కూర్చోలేదు, నన్నూ కూర్చోనివ్వలేదు. ఎందుకంటే మా నాయన సంఘానికి ఉపదేశి. పాస్టరయ్యగారు నెలకొక్క ఆదివారం వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్లేవారు. మిగిలిన ఆదివారాలు ఆరాధన జరిపించడం, పిల్లలకు పాఠం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల మంచం దగ్గర ప్రార్థన చేయడం, అన్నీ నాయన పనే. అందుకు గుడి పక్కనే రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చారు. "సంఘమంతా మన గుమ్మం వైపే చూస్తా ఉంటదే, ఉపదేశి ఇంట్లో పేలంటే ఇంకేమన్నా ఉందా" అనేది అమ్మ. అందుకని మా ఇంట్లో తలుపు గడియ వేసుకుని, పేలదువ్వెన తీసి, చప్పుడు కాకుండా కుక్కేవాళ్లం. (పేను గోరు మీద చిటుక్కుమన్నప్పుడు కూడా అమ్మ ఒకసారి కిటికీ వైపు చూసేది.)

నా గందరగోళం అక్కడ కాదు, ఆదివారం బడిలో మొదలైంది. ఫరో రాజు గుండె రాయి చేసుకుని మాట వినకపోతే దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్లలో మూడోది పేలని నాయన చెప్పాడు. నేలమీద ధూళిని కర్రతో కొడితే అదంతా పేలైందట. ఫరో దగ్గరి మాంత్రికులు అలాగే చేయబోయి, తమ వల్ల కాక, ఇది దేవుని వేలేనని ఒప్పుకున్నారట. పిల్లలందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. నేను మాత్రం నా తల తడుముకున్నాను. మా కల్లంలో ధూళికి లోటు లేదు, అంతవరకూ అర్థమైంది. కానీ మేము ఐగుప్తువాళ్లం కాము కదా. మా ఇంట్లో ఎవరి గుండె రాయి అయినట్టు? పైగా అవి దేవుని వేలైతే, వాటిని అమ్మ గోటితో కుక్కడం ఏమిటి? ఇంకొకటి కూడా ఉంది. మన తల మీద వెంట్రుకలన్నీ దేవుడు లెక్కపెట్టి ఉంచాడని నాయనే చెప్పాడు. దువ్వెన పెట్టినప్పుడల్లా పది ఊడుతున్నాయే, ఆ లెక్క ఆయన మళ్లీ సరిచేసుకుంటున్నాడా? ఇవన్నీ నాయనను అడిగితే "అవన్నీ ముందుముందు తెలుస్తాయి తల్లీ" అన్నాడు. (ముందుముందు అంటే ఎప్పుడో అప్పుడు అడగలేదు. అదే నా పొరపాటు.)

ఆ ఏడు అద్దంకిలో ఉపదేశులకు మూడు రోజుల కూటాలు పెట్టారు. మా నాయనమ్మ అక్కడే ఉండేది కాబట్టి నాయన నన్నూ వెంటబెట్టుకుపోయాడు. నాయనమ్మ ముప్పై ఏళ్లు బైబిలు స్త్రీగా ఊరూరా నడిచి సువార్త చెప్పిన మనిషి. తెల్లచీర, గుండ్రటి కళ్లద్దాలు, చేతిలో సంచి. ఆమె ముందు అబద్ధం చెప్పే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. మొదటి పొద్దు ప్రార్థనలోనే ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఒరేయ్, ఈ పిల్ల రెండు చేతులూ జోడించింది ఎప్పుడురా? ఒక చెయ్యి తలలోనే ఉంటందే."

వెలుతురులోకి లాక్కుపోయి పాయ తీసి చూసింది. ఇరవై దాకా లెక్కపెట్టి ఇక మానుకుంది. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి "పత్తికి కొట్టే మందు ఒక మూతెడు నీళ్లలో కలిపి రాయండి పిన్నిగారూ, ఒక్కటి మిగిలితే అడగండి" అంది. నాయనమ్మ కళ్లద్దాలు సర్దుకుని "పిల్ల మిగలాలి గదమ్మా" అంది. అలా మందు తప్పింది, గుండు ఖాయమైంది. నాయన కాస్త నసిగాడు.

"వాళ్లమ్మ ఊరుకోదేమోనే."

"వాళ్లమ్మ ఊరుకోబట్టే గదరా ఇన్ని పెరిగినయ్యి."

నాయన గడ్డం గీసుకునే పెట్టెలోంచి కొత్త బ్లేడు తీశారు. జుట్టంతా కత్తిరించి సబ్బునురగ పట్టించాక, ప్రార్థన చేయకుండా తలమీద కత్తి పెట్టకూడదంది నాయనమ్మ. ఆమె ప్రార్థన నా తలతో మొదలై, బంధువులందరి పేర్లూ తిరిగి, వర్షాల మీదుగా, సముద్రాల అవతల పనిచేసే సేవకుల దగ్గరికి చేరేసరికి నురగ ఎండి పెళుసుబారింది. మళ్లీ పట్టించారు. అంతా అయ్యాక నా జుట్టును పాత కాగితంలో చుట్టి పెరట్లో కాల్చేసింది. అప్పుడు ఏడ్చాను. జుట్టు పోయినందుకు కాదు. లెక్కపెట్టి ఉంచినవన్నీ ఒక్కసారే పోతే దేవుడికి ఏం చెప్పాలని. అది చెబితే నాయనమ్మ "ఏడవకే. ఇచ్చింది ఆయన. దేవుడికే ఇచ్చేశాం అనుకో. పద, స్నానం చేద్దువు" అంది. నాకు ప్రాణం కుదుటపడింది. స్నానం చేయిస్తూ ఇంకో మాట కూడా అంది.

"ఎవరడిగినా నిజమే చెప్పాల. అబద్ధమాడిన అననీయ, సప్పీర ఏమయ్యారు?"

"చచ్చిపోయారు."

"ఎక్కడ?"

"సంఘం మధ్యలో."

తిరుగు ప్రయాణంలో నాయన బస్టాండులో నన్ను ఊరడించడానికి, అమ్మను చల్లబరచడానికి ఒక పొట్లం లడ్లు కొన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, మేము మా ఊళ్లో బస్సు దిగడం దూరం నుంచి ఎలా కనిపించి ఉంటుందో తెలుస్తోంది. మూడు రోజులు కనపడకుండా పోయిన తండ్రీకూతుళ్లు. కూతురికి నున్నటి గుండు. తండ్రి చేతిలో లడ్లు. కొట్టు నడిపే ఆమె సంతోషంగా ఎదురొచ్చింది. "ఏం ఉపదేశిగారూ, తిరపతి పోయొచ్చారా? దర్శనం బాగా అయ్యిందా? మాకూ ఒక లడ్డు పెట్టండి." మా చుట్టుపక్కల ఊళ్లలో గుండు అంటే అదొక్కటే అర్థం, ఆమె తప్పేం లేదు. నాయన "అబ్బే, లేదండీ" అంటూనే, అడిగినవాళ్లకు లేదనడం చేతకాక ఒక లడ్డు చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. కొట్టు అరుగు మీద కూర్చుని ఉప్పు కట్టించుకుంటున్న గంట పెద్దయ్య ఇదంతా చూశాడు. గుడిగంట కొట్టే పని ఆయనది కాబట్టి ఆ పేరు. సంఘ పెద్ద కూడా ఆయనే. ఉప్పు పొట్లం తీసుకుని లేచిపోయాడు.

నన్ను చూసి అమ్మ గుమ్మంలోనే కూలబడింది. తర్వాత నాలుగు రోజులు మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఉల్లిపాయ అనో, అగ్గిపెట్టె అనో అడుగుతూ నా తల వైపు చూశారు. ఉపదేశి తిరపతి మొక్కు తీర్చుకున్నాడన్న మాట పల్లెంతా తిరిగింది. ఆ ఆదివారం పాస్టరయ్యగారు వచ్చే రోజు. అమ్మా నాయనా మాట్లాడుకుంటుంటే విన్నాను.

"బల్ల దగ్గర మిమ్మల్ని ఆపితే పని పోయినట్టే. పని పోతే ఇల్లు ఖాళీ చెయ్యాల" అంది అమ్మ.

"పేలని చెప్పేద్దాం."

"చెప్పండి. అంతమందిలో నిలబడి మా ఇంట్లో పేలని చెప్పండి. ఇంక నేను ఈ ఊళ్లో తలెత్తుకున్నట్టే."

ఆ తర్వాత అమ్మ నన్ను పక్కకు పిలిచి "ఎవరడిగినా జొరమొచ్చి ఊడిందని చెప్పు, పేలన్నావంటే చూడు" అంది. నాయన ఇంకో పక్కకు పిలిచి "ఎవరడిగినా నువ్వు మాట్లాడబాకు తల్లీ, నేను చెప్తా" అన్నాడు. అద్దంకి నుంచి నాయనమ్మ ఆజ్ఞ ఉండనే ఉంది. నిజమే చెప్పాలి, పేలని చెప్పకూడదు, అసలు నోరే విప్పకూడదు. తొమ్మిదేళ్ల బుర్రకు ఈ మూడూ ఎలా పడతాయో ఎవరూ ఆలోచించలేదు. నా పేల వల్ల మా ఇల్లు పోతుందన్నది మాత్రం బాగా అర్థమైంది.

ఆదివారం పాటలయ్యాయి, వాక్యమయ్యింది. అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీయబోతుండగా గంట పెద్దయ్య లేచాడు.

"ఒక్క మాట అయ్యగారూ. ఆ రొట్టె ముట్టేముందు ఉపదేశిగారు ఒక సంగతి తేల్చాల. పిల్లకు గుండు దేనికి కొట్టించారు?"

నాయన లేచాడు. అమ్మ వైపు చూశాడు. అయ్యగారు మెత్తటి మనిషి. "చిన్నపిల్ల అబద్ధం చెప్పదు గదా. ఇటు రామ్మా. జుట్టు ఏమైంది?" అన్నారు.

సంఘం మధ్యకు నడిచాను. సరిగ్గా అననీయ పడిపోయిన చోటు. జ్వరమంటే చస్తాను. పేలంటే అమ్మ చంపుతుంది. వెతగ్గా వెతగ్గా, నిజమూ అయ్యి, పేల మాటా లేని జవాబు ఒకటి దొరికింది.

"దేవుడికి ఇచ్చేశామండి."

గంట పెద్దయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. అయ్యగారు చాలా జాగ్రత్తగా "ఏ దేవుడికమ్మా?" అని అడిగారు. నాకు మతిపోయింది. ఉన్నది ఒక్కడే అని మాకు నేర్పిన మనిషే ఏ దేవుడని అడిగితే ఏం చెప్పాలి?

"వెంట్రుకలు లెక్కపెట్టుకునే దేవుడికండి."

"విన్నారా అయ్యగారూ," అన్నాడు పెద్దయ్య, "ఆ కొండ మీద లెక్కబెట్టి మరీ తీసుకుంటన్నారంట."

"ఎక్కడ ఇచ్చారమ్మా?"

"నాయనమ్మ వాళ్ల పెరట్లో. నాయన బ్లేడుతోటి."

"మరి లడ్లు?"

"లడ్లు బస్టాండులో అండి."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ క్షణంలో గుడి మొత్తం మీద మా ఇద్దరిలో ఎవరికి తక్కువ అర్థమైందో చెప్పడం కష్టం. నాయన తల వంచుకున్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ అలాగే ఉంది.

అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీద అమ్మ లేచి నిలబడింది. గుడిలో ఆమె గొంతు పాటలో తప్ప విడిగా ఎవరూ వినలేదు. కొంగు తలమీదికి లాక్కుని, నేలను చూస్తూ అంది.

"పేలండి అయ్యగారూ. దాని తలనిండా పేలు. నా తలలో కూడా ఉన్నయ్యి."

తర్వాత వెనక నుంచి ఎవరో ముసలామె "అంతేనా" అంది. ఇంకొకామె "మా దానికీ పుట్టలు పుట్టలుగా ఉన్నయ్యి" అంది. గంట పెద్దయ్య భార్య కూర్చున్నచోటి నుంచే మొగుడికి వినబడేట్టు "పొద్దున నీ మనవరాలి తలలో నేను కుక్కింది ఏందనుకున్నావ్? కూర్చో ఇంక" అంది. పెద్దయ్య కూర్చున్నాడు. అయ్యగారు ఏదో చెప్పబోయి, తెలియకుండానే చెవి వెనక గోక్కున్నారు. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత అమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వులు సద్దుమణిగాక ఆయన తెల్లగుడ్డ తీసి, మొదటి ముక్క నాయనకే ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని "అమ్మా, నేను చెప్పింది అబద్ధమా నిజమా?" అని అడిగాను. అమ్మ నా కంచంలో కూర వేసి "ఏమోనే, నాకూ తెలీలా. తిను" అంది.

ఇన్నేళ్లయింది. ఇప్పుడు నేనూ సంఘంలో లేచి, దేవుడు నాకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెబుతుంటాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఏ నిజం ఎక్కడ చెప్పాలో, ఏది చెప్పకుండా దాటించాలో నేర్చుకున్నాను. ఆ గుండు పిల్ల ఆ ఉపాయం సరిగా రాక అయ్యగారికి చెమటలు పట్టించిందని గుర్తొస్తే, సాక్ష్యం మధ్యలోనే నవ్వొస్తుంది. నా మాటలు పది నిమిషాలకు తగ్గవు, చివర అందరూ ఆమెన్ అంటారు. కానీ కొంగు సర్దుకుని కూర్చున్నాక ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది, ఆ రోజు అమ్మ చెప్పినంత పొట్టి సాక్ష్యం నేను ఇంతవరకూ చెప్పలేకపోయానని.