బోధన్ బస్సులో సిస్టరమ్మ

అరవైల్ల మాట. బోధన్ల నిజామాబాద్ బస్సెక్కితే, నా పక్క సీట్ల తెల్లబట్టల సిస్టరమ్మ కూసున్నది. కేరళ మనిషైనా మన తెలుగే మాట్లాడుతున్నది. ముందు సీట్ల పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి, "ఏం పని జేస్తరమ్మా మీరు?" అని అడిగిండు.

"పొద్దుగాల కుష్టు రోగుల పుండ్లు కడుగుత. కట్టు గుడ్డలు ఉడకబెట్టి ఆరేస్త. పగటీలి పిల్లలకు అక్షరాలు చెప్త."

"రోత పుట్టదా?"

"ఎందుకు పుట్టదు? పురుగులు తీసిననాడు ముద్ద దిగదు. అయినా తింట. తెల్లారి మల్ల కడగాలె గద."

ఆయన రెండు చేతులెత్తి మొక్కిండు. "దేవతవమ్మా" అన్నడు.

ఎడపల్లి దగ్గర, కాళ్లకు గుడ్డలు చుట్టుకున్న ఒక ముసలవ్వ మూటతోటి ఎక్కింది. సిస్టరమ్మను చూసి, "నీ దగ్గరికే వస్తున్న బిడ్డా" అన్నది. చీము వాసన బస్సంత కొట్టింది. నేను లేచి సీటిచ్చిన. అవ్వ కూసోకముందే ఆ పెద్దమనిషి ముక్కు మూసుకొని, ఆమె మూటను చెప్పుకాలుతోటి కిందికి తన్నిండు.

"దింపు దీన్ని!" అని కండక్టర్ మీద ఒర్రిండు.

"గిదేం పనయ్యా?" అని నేనంటనే ఉన్న, కండక్టర్ అవ్వను దింపి, మూటను బయట పడేసిండు.

సిస్టరమ్మ తనూ దిగి, దుమ్ముల పడ్డ మూటను దులిపి భుజానికేసుకున్నది. అవ్వ చెయ్యి పట్టుకొని మెల్లగ నడక పట్టింది.

బస్సు కదిలింది. పెద్దమనిషి రుమాలుతోటి మొహం తుడుచుకుంట, "మహాతల్లి. గసుంటోల్ల పుణ్యానికే వానలు పడుతున్నయి" అన్నడు.

పుండు వాసనకు ఓర్చుకున్న నేను, ఆ మాటకు కిటికీల నుంచి తల బయటవెట్టి కక్కుకున్న.