దగ్గుదొరను కాల్చినవాడు

ఒక అబద్ధాన్ని ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. అబద్ధాలు నాకు కొత్త కాదు. మా వైపు పెళ్ళిపందిట్లో నేను కనిపిస్తే చాలు, కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. వంశధార వరదలో మొసలి వీపెక్కి శ్రీముఖలింగం వెళ్ళి, దర్శనం చేసుకుని, అదే మొసలి మీద తిరిగొచ్చానని చెబితే, దానికి ప్రసాదం పెట్టావా లేదా అని అడిగినవాళ్ళున్నారు. అవన్నీ చెప్పగానే గాలిలో కలిసిపోయేవి. ఇదొక్కటే చెప్పాక బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరూ, ఊరి పేరూ అడగకండి.

మా ఊరి పొలిమేరలో, చెరకు తోటల పక్కన, ఒక అరిగిపోయిన రాయి ఉంది. దాని మీద గుర్రమెక్కిన మనిషి బొమ్మ. ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో నరసన్నపేటలో పాత పుస్తకాల బండి మీద ఒక చరిత్ర పుస్తకం దొరికింది. గ్రీసు దేశం టర్కీ సుల్తాను మీద తిరగబడినప్పుడు, అక్కడి కొండప్రాంతంలో ఒక దళనాయకుడు ఉండేవాడట. క్షయరోగి. నోరు తెరిస్తే బూతులు. మంచం మీద దగ్గుతూనే యుద్ధం నడిపాడట. చివరికి అతన్ని చంపిన తూటా శత్రువుది కాదనీ, వెనక నుంచి తనవాళ్ళే కాల్చారనీ అక్కడ ఇప్పటికీ గుసగుసలున్నాయట. ఆ మనిషి నన్ను వదల్లేదు. వాన పడుతున్న ఒక సాయంత్రం, టీకొట్టులో, ఓడ కూడా ఎక్కించకుండా అతన్ని మా పొలిమేరకి తెచ్చేశాను. సుల్తాను బదులు తెల్లదొరలు. కొండలు మనవే. పేరు దగ్గుదొర.

“మరి ఎనకనుంచి కాల్సినోడెవుడు బావా? నువ్వేనేటి?” అన్నాడు సన్యాసి. నాకు వరసకి బావ, చిన్నప్పటి స్నేహితుడు. కొట్టంతా నవ్వింది. నా కథ మీద నవ్వితే నాకు సంతోషం. నా మీద నవ్వితే పడదు. “నాను కాదు, మీ ముత్తాత” అన్నాను. ఇంకా ఎక్కువ నవ్వారు. సన్యాసీ నవ్వాడు.

అది అక్కడ ఆగిపోయి ఉంటే?

ఆగలేదు. రాయికి ఎవరో పసుపు రాశారు. దగ్గు పట్టిన పిల్లల్ని తల్లులు తీసుకొచ్చి, రాయికి తువ్వాలు కట్టి వెళ్ళేవారు. కొందరికి తగ్గింది కూడా. ఏటా ఊరేగింపు మొదలైంది. సన్యాసి ఇంటి ముందుకి రాగానే డప్పులు ఆగేవి. జనం ఆ ఇంటి వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ దాటేవారు. వెనక నుంచి కాల్చిన ఇంటికి వీపు చూపకూడదట. మొదట్లో అది కుర్రాళ్ళ వేళాకోళం. తర్వాత ఎవరూ నవ్వలేదు. ముసలివాళ్ళు కూడా, పడిపోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చప్పుడు లేకుండా వెనక్కి నడవడం చూశాను. నేనూ అలాగే నడిచాను. ఎందుకు నడిచాను? నాకు తెలుసు కదా?

దగ్గుదొరకి సిమెంటు విగ్రహం పెడుతున్న వారం, సన్యాసి కాలవగట్టు మీద నన్ను ఆపాడు. చుట్టూ ఎవరూ లేరు.

“బావా, ఒక్క మాట నిజం సెప్పు. మావోడే కాల్సినాడా?”

“ఏటిరా, ఇప్పుడొచ్చినాదేటి అనుమానం?”

“కోతల్లో నా ముందు ఎవుడూ వంగట్నేదు. మా ఇంటిది సూడు, అది కూడా నాకు ఈపు తిప్పి పడుకోట్నేదు. సదువుకున్నోడివి. నువ్వు కాదంటే ఊరు నమ్ముతాది. కాదని సెప్పీ బావా.”

ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. అప్పటికే రోడ్డు మీద ఫ్లెక్సీలో దొర పక్కన నా ఫొటో ఉంది. కింద ‘చరిత్రకారుడు’ అని వేశారు. బుద్ధెరిగాక జనం నన్ను అబద్ధాలకోరు అనకుండా పిలిచిన పేరు అదొక్కటే. దాని కోసమా? అంతేనా? లేక నా కథ ఒక మనిషిలో ఎంత లోతు దిగగలదో చూడాలన్న పాడు సరదానా? ఎంత తవ్వుకున్నా రెండూ కనిపిస్తున్నాయి.

“మీవోడే కాల్సినాడు” అన్నాను. “ఎడంసేత్తో.”

సన్యాసిది ఎడమచేతివాటం. కొడవలి ఆ చేత్తోనే పడతాడు. చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. “అలాగా” అని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు నూర్పుల్లో అతని ఎడమచెయ్యి మిషన్‌లో పడింది. మణికట్టు దాకా పోయింది. ప్రమాదమన్నారు. కానీ అప్పుడు మిషన్ ఖాళీగా తిరుగుతోందని పక్కనున్నవాళ్ళు చెప్పగా విన్నాను. ఖాళీ మిషన్‌లో చెయ్యెందుకు పెట్టాడు? ఊరు ఆ ప్రశ్న అడగలేదు. ఎడమచేతి మాట అప్పటికే పాకింది; కాల్చిన చేతిని దొర తీసుకున్నాడని ఊరంది. తర్వాతి ఊరేగింపు అతని ఇంటి ముందు మామూలుగా నడిచింది. సన్యాసి అరుగు మీద నిలబడి, ఉన్న చేతిని మొండిచేతికి ఆనించి దండం పెట్టాడు. నన్ను చూసి నవ్వాడు. నేనేదో మేలు చేసినట్టు నవ్వాడు.

అంతటితో తీరిపోయిందనుకున్నాను. ఇప్పుడు అతని మనవరాలు అంగన్‌వాడీకి వెళుతోంది. బలపం ఎడమచేత్తో పట్టింది. ఊరేగింపు దగ్గరికొస్తోంది. ఈసారి మళ్ళీ వెనక్కి నడవాలేమోనని టీకొట్టులో అనుకుంటున్నారు. మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల ఎడమచేతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. సన్యాసే కట్టాడట. గుడ్డలోంచి కనిపిస్తున్న వేళ్ళు కమిలి ఉన్నాయి.

నిజం చెప్పడానికే వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. అబద్ధమని చెబితే, మరి నా సెయ్యి దేనికి పోయినాది బావా అని అడుగుతాడు. ఏ కథైనా చిటికెలో అల్లేవాణ్ణి. దానికి జవాబు మాత్రం అల్లలేకపోయాను. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని కాదు. క్షమించడానికి మీదేం పోయింది? పొలిమేర రాయి మీద ఉన్నది ఎవరో నాకు తెలియదు. మా కొండల్లో దగ్గుదొర అనే మనిషి ఎప్పుడూ లేడు. సన్యాసి ముత్తాత ఏ దొరనూ కాల్చలేదు. ఆయన పేరేమిటో కూడా నాకు తెలియదు.

ఇంత పొడిగా నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. నాకు. ఆ పిల్ల చేతికి గుడ్డ ఇంకా అలాగే ఉంది.