కళ్లు లేని చిలకలు

ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. నా భార్యతో కూడా. మీతో అంటున్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టి. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఇన్నేళ్లు మోశాను, ఇక నావల్ల కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నంద్యాలలో మద్దిలేటన్న, నేను కలిసి పటాల కొట్టు నడిపేవాళ్లం. పని నేర్పింది ఆయనే. ఆ ఎండాకాలం ఆళ్లగడ్డ ఆసామి ఒకాయన కాబోయే వియ్యాలవారికి తోటలో విందు పెట్టుకుని, పందిరికి వేలాడదీసే దీపాలకు అద్దాలు రాయమన్నాడు. అద్దానికొక చిలక.

అద్దం మీద బొమ్మ వెనకవైపు నుంచి రాస్తాం. అందుకే కాగితం మీద చివర పెట్టే కన్ను ఇక్కడ మొదటే పెట్టాలి. పచ్చరంగు పూశాక పెడితే ముందునుంచి కనబడదు. అన్న మహానందికి మొక్కు తీర్చుకోవడానికి వెళుతూ ఇదే మళ్లీ చెప్పి వెళ్లాడు. నేను తొందరలో అన్నిటికీ పచ్చ పూసేశాను. ఆరాక తిప్పి చూస్తే ఒక్కదానికీ కన్ను లేదు! గీకి మళ్లీ రాయొచ్చు. బద్ధకించానా, భయపడ్డానా? ఎవరు చూస్తారులే అనుకుని, అన్న వచ్చేలోగా గడ్డి చుట్టి పెట్టెలో సర్దేశాను.

ఆసామి మనుషులు పెట్టె తీసుకుపోయి అద్దాలు బిగించుకున్నాక, విందుకు అన్నా నేనూ వెళ్లాం. దీపాలు వెలిగించగానే వియ్యాలవారు ముసిముసిగా నవ్వారు. ఆసామి ముఖం మాడిపోయింది.

"ఏందప్పా ఇది? చిలకలకు కండ్లు యాడ? ఎవురు రాసింది?"

"మా అన్నకు చూపు ఆనదయ్యా," అన్నాను.

ఛీ! ఎలా వచ్చింది ఆ మాట నా నోట? అన్న నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తిరుగు బస్సులో దిగేముందు మాత్రం అన్నాడు: "నాతో ముందే చెప్పింటే తప్పు నా మీదేసుకుందును గదరా. అందరి ముందర గుడ్డోన్ని చేస్తివే."

మాట ఊరంతా పాకింది. చూపు లేనివాడికి బొమ్మలు ఎవరిస్తారు? వచ్చినవాళ్లంతా నన్నే రాయమన్నారు, నేను కాదనలేదు. ఆయన కుంచె వదిలేసి, పోయేదాకా చట్రాలకు మేకులు కొట్టాడు. నన్ను ఒక్కనాడూ బయటపెట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టి ఉంటే ఇంకా బాగుండేది, నేనూ ఎదురు తిరిగి ఏదో అని, ఆ గొడవలోనైనా నిజం కక్కేసేవాణ్ణేమో.

పోయిన ఏడాది కూడా ఆయన భార్యకు సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే చూశాను. చూసి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. నెలకే పోయాడు.

ఇవాళ బజారులో ఒకాయన నా భుజం తట్టాడు, ముసలాయనకు చూపు పోతే కొట్టు నిలబెట్టినోడివి అని. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆయన చూపు నిక్షేపంగా ఉండేది. ఆ చిలకలు నావి. అనేశాను.